నెలకింత అని ఇప్పించిన మనిషి : దామోదరం సంజీవయ్య గారు

ప్రత్యేక సంచికకు ఒక పెద్దమనిషి జీవితం గురించి వ్రాయవలసిందిగా సంపాదకవర్గం మిత్రులు కోరినప్పుడు నాకు వెంటనే తోచిన పేరు కీర్తిశేషులు దామోదరం సంజీవయ్య గారిది. ఆయన పేరిట హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున పార్కు ఉన్నది. విశాఖపట్నం దగ్గర న్యాయ విశ్వవిద్యాలయం, కృష్ణపట్నం వద్ద థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నవి. మన మనవలు, మనవరాళ్ళు ఆ పార్కులో ఆడుకొని వస్తారు గాని ఆయన ఎవరని అడిగితే చెప్పలేరు. తెలిసినవారు కూడా దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటారు. అది చిన్న సంగతి కాదు. కాని పెన్షనర్లమైన మనం ఆయనను తలచుకోవడానికి మరో కారణం కూడా ఉన్నది.

సంజీవయ్య గారు 1921 ఫిబ్రవరి 14న కర్నూలుకు దగ్గరలోని పెదపాడు గ్రామంలో మునెయ్య, సుంకులమ్మ దంపతులకు జన్మించారు. సొంత భూమి లేని కుటుంబం. కూలినాలి చేసుకొని బ్రతికేవారు. బిడ్డ పొత్తిళ్ళలో ఉండగానే తండ్రి పోయారు. ఇంటికి నెల నెలా ఇంత వస్తుందని చెప్పుకోవడానికి ఏ ఆధారమూ లేదు. అన్నగారు తోడు నిలబడి తమ్ముణ్ణి బడికి పంపారు. కర్నూలులో స్కూలు చదువు ముగించి, అనంతపురం దత్తమండల కళాశాలలో 1942లో బి.ఏ. పట్టా పుచ్చుకొన్నారు. లెక్కలలో దిట్ట.

పట్టా చేతికి వచ్చిన తరువాత ఆయన పడిన పాట్లు మనలో చాలామందికి తెలిసినవే. అది యుద్ధకాలం. రేషనింగ్ ఆఫీసులో గుమాస్తాగిరీ, ఆ తరువాత మరికొన్ని తాత్కాలిక ఉద్యోగాలు. ఆర్డరులో వ్రాసిన గడువు ముగియగానే మళ్ళీ రోడ్డున పడే ఉద్యోగాలవి. మద్రాసు చేరి, ఒక పక్క లెక్కలు చెప్పి పొట్ట పోసుకొంటూ, మరో పక్క లా కాలేజీలో చదివి 1948లో పట్టా తీసుకొన్నారు. 1950లో న్యాయవాదిగా నమోదయ్యారు. జైళ్ళకు వెళ్ళివచ్చిన పాతతరం కాంగ్రెసు నాయకుల వరుసలోని వారు కారు. గుమాస్తా బల్ల దగ్గర నుంచి వచ్చిన మనిషి. ఈ సంగతి నాకు ముఖ్యమనిపిస్తుంది.

అక్కడి నుంచి ఆయన ఎదుగుదల చాలా వేగంగా జరిగింది. 1950లోనే తాత్కాలిక పార్లమెంటులో సభ్యులయ్యారు. 1952 సాధారణ ఎన్నికలలో కర్నూలు జిల్లా నుంచి మద్రాసు శాసనసభకు ఎన్నికై, రాజాజీ మంత్రివర్గంలో చోటు సంపాదించారు. అప్పటికి ఆయన వయస్సు 31. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలోనూ, ఆ తరువాత బెజవాడ గోపాలరెడ్డి గారి మంత్రివర్గంలోనూ, ఆంధ్రప్రదేశ్ అవతరించాక నీలం సంజీవరెడ్డి గారి మంత్రివర్గంలోనూ ఉన్నారు. ముఖ్యమంత్రులు మారారు గాని ఆయన మారలేదు. 1954లో ఉపాధ్యాయురాలైన కృష్ణవేణి గారిని వివాహమాడారు.

సంజీవరెడ్డి గారు అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులుగా వెళ్ళవలసి వచ్చినప్పుడు ముఖ్యమంత్రి స్థానం ఖాళీ అయింది. పార్టీలో బలమైన వర్గాలు ఒకరినొకరు ఒప్పుకొనే స్థితిలో లేవు. ఎవరికీ పెద్ద వర్గం లేని, అందరితో పనిచేసిన సంజీవయ్య గారి పేరు ముందుకు వచ్చింది. నెహ్రూ గారి మద్దతు దొరికింది. 1960 జనవరి 11న ఆయన ప్రమాణ స్వీకారం చేశారు. అప్పటికి 39 ఏళ్ళు కూడా నిండలేదు. రాజీగా దొరికిన కుర్చీలో కూర్చున్న మనిషి సాధారణంగా ఎవరినీ నొప్పించకుండా రోజులు వెళ్ళబుచ్చుతాడు. సర్వీసులో అటువంటి పై అధికారులను మనం ఎందరినో చూశాము. ఆయన ఆ దారి పట్టలేదు.

ఆ 1960లోనే ఆదరించే దిక్కులేని వృద్ధులకు నెల నెలా పింఛను ఇచ్చే పథకం రాష్ట్రంలో మొదలైంది. దీని పుట్టుక గురించి ఒక కథ చెప్పుకొంటారు. ముఖ్యమంత్రి అయ్యాక సంజీవయ్య గారు స్వగ్రామంలో ఉన్న తల్లిని చూడబోయి, ఖర్చులకని కొంత పైకం ఆమె చేతిలో పెట్టారట. ఆవిడ ఆ డబ్బు చూసుకొని, తనకు ముఖ్యమంత్రి కొడుకున్నాడు కాబట్టి ఇస్తున్నాడు, కొడుకులు లేని ముసలివాళ్ళ సంగతేమిటని అడిగారట. హైదరాబాదు చేరేదాకా ఆ ప్రశ్న ఆయనను వదలలేదని, దాని ఫలితమే ఆ పథకమని అంటారు. కథలో ఎంత నిజమున్నదో నేను ప్రమాణం చేసి చెప్పలేను. తండ్రిని ఎరుగని బిడ్డను కూలి చేసి పెంచిన తల్లికి ఆ ప్రశ్న తోచడంలో మాత్రం వింత లేదు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పుకోవాలి. 1970ల చివరలో నేను ఒక తాలూకా ఆఫీసులో జూనియరుగా ఉండగా వృద్ధాప్య పింఛన్ల దరఖాస్తులు నా సీటుకే వచ్చేవి. ఒక అవ్వ వచ్చేది. వయస్సు ఎంతని అడిగితే ఆమెకు తెలియదు. ఊళ్ళో చెరువు తెగిన ఏడు తనకు పెళ్ళయిందని చెప్పేది. చెరువు ఎప్పుడు తెగిందో మాకు తెలియదు. ఆ వయస్సు ధ్రువీకరణ కోసం కాగితం నా బల్ల మీదే కొన్ని నెలలు ఉండిపోయింది. నన్ను ఎవరూ తొందర పెట్టలేదు, నేనూ తొందర పడలేదు. చివరకు మంజూరయి మనియార్డరు వెళ్ళింది. పుచ్చుకొనేవారు మరణించినందున అని వ్రాసి పోస్టాఫీసు వారు దాన్ని తిప్పి పంపించారు. అదేమీ పెద్ద మొత్తం కాదు. నా పెన్షను బ్యాంకులో పడిన ప్రతి నెలా మొదటి వారంలో నాకు ఆ తిరిగివచ్చిన ఫారం గుర్తుకు వస్తుంది. పైన కూర్చున్నవారు పథకం పెట్టినంత మాత్రాన సరిపోదు, కింద మావంటి వాళ్ళు కదలాలి.

ఆయన హయాంలో జరిగిన మరికొన్ని పనులు చెప్పి ముందుకు వెళతాను. 1960 ఆగస్టులో హైదరాబాదు, సికిందరాబాదు పురపాలక సంస్థలు ఒకటయ్యాయి. నిర్బంధ ప్రాథమిక విద్య చట్టం 1961లో వచ్చింది. అవినీతి నిరోధక శాఖ 1961 జనవరి 2న పుట్టింది. దీనిపై అప్పటి మన సీనియర్లలో అందరూ సంతోషించలేదు. ఆ శాఖ పేరు వింటే నిజాయితీపరుడికి కూడా ఒకసారి గుండె దడదడలాడేదని పెద్దలు చెప్పగా విన్నాను. భూపరిమితి చట్టం మాత్రం అంతగా ఫలించలేదు. 1961లో చేసిన ఆ చట్టం భూమి తరగతిని బట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా ఉంచుకోనిచ్చింది. అంత వదులు వలలో పెద్ద చేపలు పడవు కదా. భూమిలేని ఇంట పుట్టిన ముఖ్యమంత్రికి భూస్వాములతో నిండిన శాసనసభలో అంతకంటె గట్టి చట్టం సాధ్యం కాలేదు. 1973లో మరో చట్టం చేయవలసి వచ్చింది.

1962 ఫిబ్రవరి ఎన్నికలకు ఆయన ముఖ్యమంత్రిగా ఉండగానే పార్టీ వెళ్ళింది. 300 స్థానాలలో 177 గెలిచింది. ఆయనా గెలిచారు. గెలిచిన పార్టీ ముఖ్యమంత్రి సాధారణంగా కొనసాగుతాడు. ఇక్కడ అలా జరగలేదు. ఢిల్లీ నుంచి తిరిగి వచ్చిన సంజీవరెడ్డి గారు మార్చి 12న మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. రెండేళ్ళ రెండు నెలలకు సంజీవయ్య గారి పాలన ముగిసింది. లీవు వేకెన్సీలో ఆఫీషియేటింగ్ పని చేసి, అసలు అధికారి రాగానే చార్జి అప్పగించిన మనిషి లాగా ఆయన తప్పుకొన్నారు. పార్టీని చీల్చలేదు, వేరు కుంపటి పెట్టలేదు. అది ఆయన మంచితనమని కొందరంటారు, వెనుక బలగం లేకపోవడమని కొందరంటారు. రెండూ కొంతవరకు నిజమేనని నా అభిప్రాయం.

అదే సంవత్సరం జూన్‌లో ఆయనను అఖిల భారత కాంగ్రెసుకు అధ్యక్షుణ్ణి చేశారు. దళితులలో ఆ పీఠమెక్కిన మొదటివారు ఆయనే. చైనా యుద్ధం, కామరాజ్ ప్రణాళిక ఆ కాలంలోనివే. 1964 జనవరిలో అధ్యక్ష పదవి కామరాజ్ గారికి వెళ్ళింది. ఈ ఘట్టం గురించి చరిత్ర పుస్తకాలు చాలా చెబుతాయి కాబట్టి నేను విస్తరించను. మనకు కావలసింది 1964 జూన్‌లో లాల్ బహదూర్ శాస్త్రి గారి మంత్రివర్గంలో ఆయనకు దక్కిన కార్మిక, ఉపాధి శాఖ.

అప్పటి వరకు బోనస్ అంటే యజమాని దయ, లేదా కోర్టులో ఏళ్ళ తరబడి నడిచే తగాదా. లాభాల లెక్క యజమాని చేతిలో ఉండేది. పుస్తకాలలో నష్టం చూపిస్తే కార్మికుడికి చిల్లిగవ్వ వచ్చేది కాదు. మెహెర్ గారి అధ్యక్షతన వేసిన బోనస్ కమిషన్ 1964 జనవరిలో నివేదిక ఇచ్చింది. సంజీవయ్య గారు మంత్రిగా ఉండగా 1965 మేలో ఆర్డినెన్సు, సెప్టెంబరులో చట్టం వచ్చాయి. 20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ లాభమొచ్చినా నష్టమొచ్చినా ఏడాది జీతంలో కనీసం 4 శాతం, లేదా 40 రూపాయలు, ఏది ఎక్కువైతే అది ఇచ్చి తీరాలన్నది అందులోని కీలకం. ఆ 4 శాతం తరువాతి కాలంలో 8.33 శాతమైంది. ప్రభుత్వోద్యోగులమైన మనకు ఆ చట్టం వర్తించదు గాని, ఫ్యాక్టరీలలో పనిచేసిన మన తమ్ముళ్ళ ఇళ్ళలో పండుగకు కొత్తబట్టలు వచ్చింది దానివల్లనే.

1966లో ఇందిరా గాంధీ గారి మంత్రివర్గంలో పరిశ్రమల శాఖ చూశారు. 1967 ఎన్నికల ప్రచార రోజుల్లో కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డారు. ప్రాణం దక్కింది గాని పాత ఆరోగ్యం మళ్ళీ రాలేదు. అయినా 1970 ఫిబ్రవరిలో కార్మిక శాఖ తిరిగి చేపట్టారు.

ఈ రెండవ విడతలో జరిగినదే ఫ్యామిలీ పెన్షను పథకం. 1952 చట్టం కింద కార్మికులకు ప్రావిడెంట్ ఫండ్ ఉన్నది. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే ఆ సొమ్ము ఏకమొత్తంగా భార్య చేతికి వచ్చేది. అప్పులవాళ్ళు గుమ్మంలో నిలుచుంటారు, కర్మకాండలున్నాయి, పెళ్ళీడు పిల్ల ఉంటుంది. ఏడాది తిరిగేసరికి చేతిలో ఏమీ మిగలదు. సంజీవయ్య గారు కార్మిక మంత్రిగా ఉండగా 1971 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చిన పథకం, ప్రావిడెంట్ ఫండుకు వెళ్ళే వాటాలలోంచి కొంత, ప్రభుత్వం కొంత వేసి, అటువంటి ఇంటికి నెల నెలా పెన్షను ఏర్పాటు చేసింది. మొత్తం చాలదన్న విమర్శ ఉన్నది, నిజమే. 1995 నవంబరులో వచ్చిన కొత్త పెన్షను పథకంలో అది కలిసిపోయింది. మన సంఘానికి వచ్చే సోదరీమణులలో భర్త పోయిన తరువాత అటువంటి పెన్షనుతో పిల్లలను పెంచుకొన్నవారున్నారు. ఏకమొత్తానికీ నెలసరికీ తేడా ఏమిటో నాకంటె వారు బాగా చెప్పగలరు. పెదపాడులో మునెయ్య గారు పోయిన నాడు ఆ ఇంటికి లేనిది అదే.

1971లో పార్టీ అధ్యక్ష బాధ్యత మళ్ళీ ఆయన మీద పెట్టారు. ఆ పదవిలో ఉండగానే 1972 మే 7 రాత్రి ఢిల్లీలో గుండెపోటుతో కన్నుమూశారు. భౌతిక కాయాన్ని హైదరాబాదు తీసుకొని వచ్చి మే 9న సికిందరాబాదు పాటిగడ్డలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిపారు. ఆయన పేరిట ఉన్న పార్కు ఆ సమీపంలోనే. అప్పట్లో మన రాష్ట్రంలో ఉద్యోగుల పదవీ విరమణ వయస్సు 55. సంజీవయ్య గారికి 51 ఏళ్ళు.