రాజా దీనదయాళు : ఛాయాచిత్రకారుని జీవితము

హైదరాబాదులోని చార్మినారు, ఫలకనుమా మొదలగు కట్టడముల పాత ఛాయాచిత్రములను పుస్తకములలో చూచినవారు మనలో పెక్కురు గలరు. వానిలో మిక్కిలి స్ఫుటముగను, గోడల నిలువు చెడకయు, రాతి చెక్కడమును వ్రేలితో లెక్కింపదగినట్లుగను ఉన్న చిత్రమేదైన కనబడినచో, అది రాజా దీనదయాళు తీసినదై యుండుటకు అవకాశము మెండు. ఆయన తెలుగువాడు కాడు. ఐనను ఆయన కీర్తికి ముఖ్యస్థానము సికిందరాబాదు. ఈ దినములలో కెమెరా లేని యిల్లు లేదు; బాలుర చేతిలోని ఫోను రెప్పపాటులో పది చిత్రములు తీయును. తీసినవి వేలకు వేలు, మరల చూడదగినవి మాత్రము కొన్నియే. ఇట్లేల అగునని అడుగు విద్యార్థులకు ఉపన్యాసముకంటె ఈయన చరిత్రమే ఎక్కువ నేర్పునని తోచి దీనిని వ్రాయుచున్నాను.

దీనదయాళు 1844వ సంవత్సరమున మీరట్టు సమీపమందలి సర్ధనా అను పట్టణమున, నగల వర్తకము చేయు జైన కుటుంబములో జన్మించెను. (బేగం సమ్రూ కట్టించిన గొప్ప దేవాలయము గలది ఈ సర్ధనాయే, ఉత్తర దేశపు క్రైస్తవులకు అది యాత్రాస్థలము.) రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలయందు చదివి, 1866లో విద్య ముగించి, ఇందూరులోని ప్రభుత్వ మరామతు శాఖలో ఉద్యోగమున ప్రవేశించెను. కట్టడములకు అంచనాలు వేయుట, ప్లానులు గీయుట ఆయన పని. ఆ పనిలో ఆయన ముఖ్యుడుగ నుండెను.

ఈ ఉద్యోగమును చరిత్రకారులు ఒక్క వాక్యములో చెప్పి దాటిపోవుదురు. నాకు మాత్రము ఆయన కళకంతకు పునాది ఇదియే యనిపించును. ఆయన కట్టడమును కెమెరాతో చూచుటకు ముందు కొలబద్దతో చూచెను. గోడ యెంత మందము, కమాను ఎచ్చట మొదలై యెచ్చట ముగియును, స్తంభమునకు స్తంభమునకు నడుమ ఎడమెంత, ఇవి యెనిమిదేండ్లు కాగితముపై గీసిన చేతికి, ఆ తరువాత కెమెరాను ఎచ్చట నిలుపవలెనో వేరుగ చెప్ప నక్కరలేకపోయెను.

1874 ప్రాంతమున ఆయన ఛాయాగ్రహణమును చేపట్టెను. అప్పటికి వయస్సు ముప్పది. ఉద్యోగము మానలేదు; తీరిక వేళలలోనే అభ్యాసము. మధ్య హిందూస్థానమున గవర్నరు జనరలు ప్రతినిధిగ నున్న సర్ హెన్రీ డేలీ ఆయనకు ప్రోత్సాహమిచ్చెను. ఆ దొర మూలముననే రాజప్రతినిధి నార్త్‌బ్రూక్ ప్రభువును, 1875-76లో ఈ దేశమునకు వచ్చిన వేల్సు యువరాజును చిత్రించు అవకాశము ఆయనకు లభించెను.

ఆ కాలమున చిత్రము తీయుట యెంత శ్రమయో నేటి బాలురు ఊహింపలేరు. శుభ్రముగ తుడిచిన గాజుపలకపై కొలోడియను అను జిగురు ద్రవమును సమముగ పోయవలెను. దానిని వెండి నైట్రేటు ద్రావణమున ముంచి, తడి ఆరక మునుపే కెమెరాలో అమర్చి, చిత్రము తీసి, వెంటనే చీకటి గుడారములోనికి పోయి కడుగవలెను. మన యెండలకు ఆ తడి కొద్ది నిమిషములైన నిలువదు. పలకపై దుమ్ము పడినను, పోత తరగలు కట్టినను శ్రమ యంతయు వ్యర్థము. గాజు ఎంత పెద్దదో కాగితముపై చిత్రమును అంతియే. కావున పెద్ద చిత్రము కావలెనన్న పెద్ద కెమెరాను మోయవలసినదే. అటుపిమ్మట, ముందుగనే సిద్ధపరచి పెట్టుకొనదగిన పొడి పలకలు వాడుకలోనికి వచ్చి ఆ పని కొంత సులువయ్యెను.

మరియొక విశేషము. నల్లని గుడ్డ కప్పుకొని కెమెరా వెనుకనున్న గరుకు గాజును చూచినచో బొమ్మ తలక్రిందులుగ కనబడును. ఇది లోపమని తలపరాదు. తలక్రిందైన బొమ్మను చూచునపుడు కన్ను ఇది మన గుడి, ఇతడు మన బావ అనుకొనక, వెలుగు ఎచ్చట నున్నది, నీడ ఎచ్చట నున్నది, అంచులలో అక్కరలేని దేమున్నది అని వెదకును. ఫోను పట్టిన విద్యార్థియు మీట నొక్కుటకు ముందు నాలుగు అంచులను ఒక్కసారి చూచిన, సగము తప్పులు తొలగును.

1882లో దీనదయాళు సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేలుఖండమున సంచరించి ప్రాచీన కట్టడములను చిత్రించెను. వానిలో 86 చిత్రములు 1886లో మధ్య హిందూస్థాన కట్టడములను గూర్చిన గొప్ప గ్రంథముగ వెలువడెను. ఎత్తైన గోపురమును, కోటగోడను తీయు క్రొత్తవాడు సాధారణముగ కెమెరాను పైకి వంచును. వెంటనే గోడలు రెండును లోపలికి ఒరిగి, కట్టడము వెనుకకు పడబోవు చున్నట్లు కనబడును. దీనదయాళు చిత్రములలో గోడలు తూకపుగుండు వ్రేలాడదీసినట్లు నిలిచియుండును. ఆనాటి పెద్ద కెమెరాలలో పెట్టెను రసమట్టముగ నుంచి, కటకమున్న ముందు పలకను మాత్రము పైకి జరుపుటకు ఏర్పాటుండెను. మన ఫోనులో ఆ పలక లేదు. అయినను ఫోనును నిట్టనిలువుగ పట్టి కొన్ని యడుగులు వెనుకకు నడచినచో, లేదా ఎదుటి మేడ యెక్కినచో, అదే ఫలము చాలవరకు కలుగును. రాతిపనికి మధ్యాహ్నపు ఎండ పనికిరాదు. ప్రక్కనుండి వాలుగ పడు ఉదయపు వెలుగో సాయంకాలపు వెలుగో చెక్కడములోని లోతును చూపును. అందుకై ఒక దినమెల్ల కాచుకొనవలసి వచ్చినను కాచుకొనవలెను.

ఇట్లు పేరు వచ్చిన పిమ్మట ఆయన యెదుట కఠినమైన ప్రశ్న నిలిచెను. ఒకవైపున నెలజీతము, ముదిమికి పింఛను గల ప్రభుత్వోద్యోగము, మరియొకవైపున గాజుపలకలు. కుటుంబీకుడైన వానికి ఇది సామాన్యమైన తెంపు కాదు. ఆయన సెలవు తీసికొని, తన వృత్తి నిలుచునని చూచుకొని, తుదకు ఉద్యోగమును విడిచెను. దూకుటకు ముందు లోతు చూచుట పిరికితనము కాదని నా యభిప్రాయము. 1885లో రాజప్రతినిధికి ఛాయాచిత్రకారుడుగ నియమింపబడెను. 1886లో సికిందరాబాదున చిత్రశాల నెలకొల్పెను. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ఆయనను ఆస్థాన చిత్రకారునిగ గైకొని, 1894లో రాజా బహద్దూరు ముసవ్విర్ జంగ్ అను బిరుదు నొసగెను. 1896లో బొంబాయిలో మరియొక శాల తెరచెను. 1897లో విక్టోరియా రాణి ఆజ్ఞాపత్రమును పొందెను. బిరుదుల పట్టిక ఇంతటితో చాలును.

ఆ బిరుదులకంటె గొప్పదిగ నేను తలచునది 1892లో హైదరాబాదున ఆయన స్థాపించిన జనానా చిత్రశాల. ఆ దినములలో ఘోషా స్త్రీలు పరపురుషుని యెదుటికి రారు గనుక, తమ రూపమును బిడ్డలకు విడిచిపోవు భాగ్యము వారిలో పెక్కుమందికి లేకుండెను. దీనదయాళు ఎత్తైన గోడలు గల ప్రత్యేక స్థలమును ఏర్పరచి, లోపలి పని యంతయు స్త్రీలే చేయునట్లు నియమించి, కెన్నీ-లెవిక్ దొరసానిని దానికి అధికారిణిగ నుంచెను. చిత్రము తీయుటకు ముందు, కూర్చున్నవారి మనస్సు కుదుటపడవలెనని ఆయనకు తెలియును. ముఖములను చిత్రింప గోరువారు దీనిని గమనింతురు గాక. వసారా నీడలో, ఒక ప్రక్కనుండి మెత్తని వెలుగు పడుచోట కూర్చుండబెట్టి, రెండు మాటలాడి, వారు కెమెరాను మరచిన పిమ్మట తీసిన ముఖము వేరు. నడినెత్తిన ఎండలో నిలువబెట్టి కన్నులు చికిలించునట్లు తీసిన ముఖము వేరు.

రాజభవనముల విందులను, వేటలను, దర్బారులను చిత్రించిన ఆ కెమెరాయే 1899-1900 నాటి ఘోరక్షామమున నిజాము రాజ్యమందు జరిగిన సహాయకార్యములను కూడ చిత్రించెను. ఒకే చేతి పనియైన ఈ రెండు విధముల చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూచుట కష్టము. అయినను చూడవలెను; ఒకటి లేక రెండవది ఆ కాలపు సత్యమును పూర్తిగ చెప్పదు.

చివరి దినములు సుఖముగ జరుగలేదు. 1904లో కుమారుడు ధర్మచంద్ మరణించెను. మరుసటి యేట, 1905 జూలై 5న, దీనదయాళు బొంబాయిలో కన్నుమూసెను. రెండవ కుమారుడు జ్ఞానచంద్ పనిని కొనసాగించెను గాని, 1911లో మహబూబ్ అలీఖాను గతించినది మొదలు పూర్వపు వైభవము మరల రాలేదు.

గాజు పగులునది, అయినను ఆయన పని పెక్కు భాగము నిలిచెను. చిత్రశాలవారు పలకలకు సంఖ్యలు వేసి భద్రపరచుచుండిరి. పెక్కు చిత్రముల అంచున ఆ సంఖ్యయు, స్థలము పేరును నేటికిని చదువ వీలగును. మన మిషను పాఠశాలల గోడలపై వ్రేలాడు పాత బృందచిత్రములను చూడుడు: ముందు వరుసలో కూర్చున్న దొర యెవరో, వెనుక నిలిచిన బాలుడెవరో చెప్పువారు లేరు. అట్ట వెనుక పేర్లు వ్రాయుటకు ఒక్క గంట చాలియుండెను. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము ఆ గాజు నెగటివులలో 2,857 పలకలను సేకరించెను. 2006లో భారత తపాలా శాఖ ఆయన పేర స్మారక తపాలాబిళ్ళను వెలువరించెను.