యల్లాప్రగడ సుబ్బారావు గారు – రక్తంలో భాస్వరం లెక్క

తమ్ముళ్లారా, మేం ఆలేరు హాస్టల్లో ఉన్నప్పుడు బోదకాలు మాత్రలు మింగించడానికి ఆరోగ్య కార్యకర్తలు వచ్చేవారు. నేను వాటిని నాలుక కింద దాచి ప్రహరీ వెనక ఉమ్మేసినవాణ్ణే. ఆ మాత్రలోని డిఇసి మందు ఒక తెలుగాయన నడిపిన పరిశోధనశాల నుంచి వచ్చిందని ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో చేరాకే తెలిసింది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. పేద కుటుంబం. కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని చిన్నప్పుడు ఇల్లు విడిచిపోతే తల్లి వెనక్కి రప్పించింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపమొచ్చింది. ఎంబిబిఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికొచ్చింది. 1920ల మొదట్లో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చదువుతూనే, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు.

అక్కడ ఫిస్కే దగ్గర ఆయనకు అప్పగించిన పని రక్తంలో భాస్వరం ఎంతుందో కొలవడం. వినడానికి చప్పగా ఉంటుంది గానీ అసలు కథ ఇక్కడే ఉంది. 1920లో బెల్, డాయిసీ చెప్పిన పద్ధతిలో వచ్చిన నీలిరంగు త్వరగా వెలిసిపోయేది. 1922లో బ్రిగ్స్ దాన్ని సరిచేసినా రంగు రావడానికి చాలాసేపు పట్టేది. రంగు చూసి లెక్క కట్టే పనిలో రంగే నిలవకపోతే ఏ అంకెను నమ్మాలి? ఫిస్కే, సుబ్బారావు గారు ముందు ఆమ్లంతో ప్రొటీన్లను విడగొట్టి వడగట్టారు. ఆ ద్రవంలో మాలిబ్డేట్ కలిపి, తర్వాత అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం వేస్తే కొద్ది నిమిషాల్లోనే నిలకడైన నీలం వచ్చింది. తెలిసిన కొలత ఉన్న గొట్టం పక్కన పెట్టి పోల్చుకోవడమే. 1925లో అచ్చయిన ఆ పద్ధతిని మా ప్రాక్టికల్స్‌లో మేమూ చేశాం.

కండరం ద్రవంతో చేసినప్పుడు మాత్రం నీలం ఒక్కసారిగా రాలేదు, మెల్లమెల్లగా పెరిగింది. నేనైతే గొట్టం సరిగా కడగలేదనుకుని పారబోసేవాణ్ణి. వాళ్లు పారబోయలేదు. ఏదో పదార్థం ఆమ్లంలో విరిగిపోతూ భాస్వరాన్ని కొంచెం కొంచెంగా వదులుతోందని పట్టుకున్నారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. కండరాల శక్తి గురించి నోబెల్ అందుకున్న సిద్ధాంతమే దాంతో కదిలిపోయింది. 1929లో ఏటీపీనీ వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా చేశాడు.

ఇంత చేసినా హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. ఫోలిక్ ఆమ్లం, రక్త క్యాన్సర్ పిల్లలకు వాడిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్, మన డిఇసి అన్నీ అక్కడి ఆయన బృందం పనే.

భార్యను వదిలి వెళ్లినాయన మళ్లీ రానేలేదు. అది మాత్రం నాకు మింగుడుపడదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, అమెరికాలోనే నిద్రలో కన్నుమూశారు. 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.