బైబిలు అంచున బాఖ్ రాసుకున్న మాట

వాక్యోపదేశం మొదలయ్యేలోపు చేరితే చాలు, పాటలయ్యాక వెళ్లినా ఫరవాలేదు అనుకునేవారు మన సంఘాల్లో ఉన్నారు. జర్మనీ సంగీతకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ పాటను అలా చూడలేదు.

ఆయన 1685లో ఐసెనాఖ్‌లో పుట్టారు. మార్టిన్ లూథర్ చదువుకున్న ఊరది. పదేళ్లు నిండకముందే తల్లీ తండ్రీ కన్నుమూస్తే అన్నగారి ఇంట పెరిగారు. 1720లో తన యజమాని లియోపోల్డ్ యువరాజు వెంట కార్ల్స్‌బాడ్ వెళ్లి తిరిగొచ్చేసరికి భార్య మారియా బార్బరా చనిపోయి, సమాధి కూడా అయిపోయింది. ఇంట్లో నలుగురు పిల్లలు. తర్వాత అన్నా మగ్దలేనాను వివాహమాడారు. ఇద్దరు భార్యలకూ కలిపి 20 మంది సంతానం కలిగితే, పెరిగి పెద్దవారైనది 10 మందే.

1723లో లైప్‌జిగ్‌లోని సెయింట్ థామస్ చర్చిలో పనికి కుదిరారు. నగర పెద్దలు ముందు కోరుకున్నది వేరేవారిని. వారు రాలేకపోతేనే ఈయనకు అవకాశం దక్కింది. మొదటి కొన్నేళ్లు ఇంచుమించు ప్రతి ఆదివారానికీ ఒక కొత్త కృతి. రాయాలి, ప్రతులు తీయించాలి, బడిపిల్లలకు నేర్పించాలి. జీతం విషయంలో పెద్దలతో తగవులు. గాలి ఆరోగ్యకరంగా ఉండి అంతకు ముందు ఏడు అంత్యక్రియలు తగ్గాయని, తన రాబడి పడిపోయిందని 1730లో ఒక మిత్రునికి ఉత్తరం రాశారు! భక్తుడంటే ఇంటి ఖర్చుల చింత లేనివాడని మనం అనుకోనక్కరలేదు.

అంత ఒత్తిడిలోనూ ఎన్నో కృతుల మొదట యేసు సహాయాన్ని అర్థించే రెండు అక్షరాలు, చివర దేవునికే మహిమ అని తెలిపే మూడు అక్షరాలు రాసేవారు. పనికి ముందు ప్రార్థన, పని ముగిశాక స్తుతి.

ఆయన చదువుకున్న వ్యాఖ్యాన సహిత బైబిలు 20వ శతాబ్దంలో అమెరికాలో బయటపడింది. దానిలో 1733 అని వేసి సంతకం చేశారు. రెండవ దినవృత్తాంతములు ఐదవ అధ్యాయంలో, సొలొమోను మందిరంలో గాయకులు, బూరలు ఊదేవారు ఏకస్వరంతో స్తుతించగా మందిరం మేఘంతో నిండిన చోట, భక్తితో చేసే సంగీతంలో దేవుడు తన కృపతో ఎల్లప్పుడూ ఉంటాడని అంచున రాసుకున్నారు. ఎవరికో బోధించడానికి రాసింది కాదది, తనకోసం రాసుకున్నది. బిడ్డలను సమాధి చేసి, మళ్లీ ఆదివారం పాట సిద్ధం చేసిన మనిషి రాసిన మాట కాబట్టే నాకు అంత విలువైనదిగా తోస్తుంది.

1750 నాటికి చూపు మందగించింది. రెండు శస్త్రచికిత్సలూ ఫలించలేదు. పూర్వం రాసిన ఒక ఆర్గాన్ కృతిని చివరి దినాల్లో సరిదిద్ది, దేవుని సింహాసనం ఎదుటికి వస్తున్నానని చెప్పే కీర్తన పేరు దానికి పెట్టారంటారు. జూలై 28న ప్రభువునందు నిద్రించారు. సమాధికి ఏ గుర్తూ పెట్టలేదు. 1950లో ఆయన అస్థికలను సెయింట్ థామస్ చర్చిలో, తాను పాటలు పాడించిన చోటనే ఉంచారు.