ఇచ్చి ప్రభువైన ముమ్మడి నాయకుడు

ఫాల్గుణ శుద్ధ ఏకాదశినాడు కోరుకొండ లక్ష్మీనరసింహస్వామి రథం కదులుతున్నప్పుడు తాడు అందుకోవడానికి మీరూ ముందుకు జరిగి ఉంటారు. ఆ క్షణాన అధికారి, కూలి అన్న భేదం తోచదు. అందరూ ఒక్క స్వామి సేవకులే. జనాన్ని ఇలా ఒకటిగా నిలిపే బలం కత్తికి లేదు. ఈ సత్యం తెలిసిన పాలకుడిగా ఇదే కొండనీడన రాజ్యమేలిన ముమ్మడి నాయకుడు మనకు కనిపిస్తాడు.

మంచికొండ వంశీయుడైన కూనయ నాయకుని కుమారుడాయన. సింగయ, గన్నయ ఆయన సోదరులు. 1323లో ఓరుగల్లు పతనమై, కాకతీయ సింహాసనం అంతరించిన కాలమది. తెలుగునేలను తిరిగి నిలబెట్టిన ముసునూరి కాపయ నాయకుని బంధువర్గంలోని కన్యను ముమ్మడి నాయకుడు వివాహమాడాడు. కోరుకొండ రాజధానిగా గోదావరికి ఇరువైపులా ఉన్న సీమలను పాలించాడు. కానీ భుజబలంతో సీమలు వశమవుతాయేగాని ప్రజల మనసులు వశమవుతాయా?

ప్రాచీన చైనాలో కన్ఫ్యూషియస్ మహాశయుడు కూడా ఈ ప్రశ్ననే ఆలోచించాడు. దండనకంటే ఆచారమర్యాదలే జనాన్ని సన్మార్గంలో నిలుపుతాయని బోధించాడు. అందుకే తర్వాతి కాలంలో బీజింగ్ స్వర్గాలయంలో చక్రవర్తి అంతటివాడు ఏటా ఆకాశదైవానికి మోకరిల్లేవాడు. అందరూ మొక్కే ప్రభువుకు తాను మొక్కే తావు ఒకటి ఉండాలన్నదే అందులోని అంతరార్థం.

ముమ్మడి నాయకునికి అటువంటి తావు గురుపాదాల చెంత దొరికింది. ఆయన గురువు శ్రీరంగానికి చెందిన పరాశర భట్టు. రామానుజుల కాలంనాటి పరాశర భట్టరు వేరు, ఈయన తర్వాతి తరాలవాడు. శక సంవత్సరం 1280, అనగా క్రీ.శ. 1358 నాటి తామ్రశాసనాన్ని అనుసరించి, ముమ్మడి నాయకుడు గురువుకు ఒక గ్రామాన్ని సమర్పించాడు. గురువు దానిని తనకు ఉంచుకోలేదు. శ్రీరంగనాథునికే అర్పించాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. 1323 నాటి దాడిలో శ్రీరంగం నుండి తరలిపోయిన స్వామి ఉత్సవమూర్తి 1371లోగాని తిరిగి ఆలయానికి చేరలేదు. అంటే ఇంకా ఇల్లు చేరని దేవునికి గోదావరి తీరపు పంట కానుకగా వెళ్ళిందన్నమాట! స్వామి తప్పక తిరిగి వస్తాడన్న విశ్వాసం లేనిదే అటువంటి దానం సాధ్యమా?

కాలక్రమంలో కోరుకొండ రాజ్యం రెడ్డిరాజుల ఏలుబడిలో కలిసిపోయింది. ఉత్సవం మాత్రం సాగుతూనే ఉంది. ఈసారి తిరునాళ్ళలో రథపు తాడు పట్టుకున్నప్పుడు ముమ్మడి నాయకుని ఒక్కసారి స్మరించండి. ఏలినది పోయింది, ఇచ్చినది నిలిచింది.