బాలురకు పూర్వులను చూపిన కార్టర్ వుడ్సన్

తన పూర్వులెవరో ఎరుగని బాలుడు తన శక్తిని ఎట్లు ఎరుగగలడు? కార్టర్ గాడ్విన్ వుడ్సన్ జీవితమును నడిపినది ఈ ప్రశ్నయే.

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున 1875లో ఆయన జన్మించెను. తల్లిదండ్రులు బానిసత్వము నుండి విముక్తులైనవారు. పేదరికముచే చదువు సాగక, వుడ్సన్ పశ్చిమ వర్జీనియా బొగ్గుగనులలో పనిచేసెను. అచ్చట చదువురాని నల్లజాతి శ్రామికులకు వార్తాపత్రికలు చదివి వినిపించుచు, వారి నోట అంతర్యుద్ధపు అనుభవములు వినెను. గ్రంథములకెక్కని చరిత్ర ఆ శ్రామికుల స్మృతిలో సజీవముగ నుండెను.

ఇరువదవ యేట ఉన్నత పాఠశాలలో చేరిన ఆ యువకుడు 1912లో హార్వర్డు విశ్వవిద్యాలయమున చరిత్రలో డాక్టరు పట్టము నందెను. 1915లో నల్లజాతి చరిత్రాధ్యయనమునకు సంఘమును స్థాపించెను. 1926 ఫిబ్రవరిలో నల్లజాతి చరిత్ర వారమును ఆరంభించెను. 1928లో ప్రాథమిక తరగతుల పిల్లలకై ఆఫ్రికా పురాణగాథలను, సామెతలను కూర్చి వాచకముగ ప్రకటించెను. 1937లో ఉపాధ్యాయులకు తోడ్పడు పత్రికను వెలువరించెను.

ఏడాది పొడవున నేర్చినదానిని విద్యార్థులు ప్రదర్శించుటకే ఆ వారమును ఆయన ఉద్దేశించెను. ప్రతిదినము పాఠములో లేని చరిత్ర పండుగ తోరణము వలె మరునాటికే వాడిపోవును. బానిసత్వమును మాత్రమే బోధించినచో నల్లజాతి బిడ్డ తన్ను తాను తక్కువగ నెంచుకొనును. ఆఫ్రికా రాజ్యములు, నల్లజాతి శాస్త్రజ్ఞులు, కవులు కూడ పాఠములోనికి రావలెనని ఆయన వాదించెను.

1950 ఏప్రిల్ 3న వుడ్సన్ వాషింగ్టనులో మరణించెను. 1976లో ఆ వారము మాసముగ విస్తరించెను. తక్కిన పదునొకండు నెలలలో తరగతిగదిలో ఏమి చెప్పుచున్నామనునదే ఆయన ఉపాధ్యాయులకు విడిచిపోయిన పరీక్ష.