మూలికల పద్దు సరిచేసిన లీ షీజెన్

మన పింఛనుదార్లు నలుగురు కలిస్తే పథ్యాలు, మూలికలు, చైనా మందుల మాట రాక మానదు. ఆ చైనా వైద్యానికి పెద్దదిక్కైన లీ షీజెన్ గారి జీవితాన్ని ఈ ప్రత్యేక సంచికలో మనవి చేస్తున్నాను.

ఆయన 1518లో హూబే రాష్ట్రంలోని చీజౌలో జన్మించారు. తండ్రి, తాత వైద్యులే. అయితే ఆ రోజుల్లో వైద్యుడికి పెద్ద గౌరవం లేదు. కొడుకు సర్కారు పరీక్షలు నెగ్గి అధికారి కావాలని తండ్రి ఆశ. కుర్రవాడు తొలిమెట్టు గట్టెక్కాడు గాని, రాష్ట్ర స్థాయి పరీక్ష మూడుసార్లు తప్పాడు. (డిపార్టుమెంటు పరీక్షలు రాసిన మనకు ఆ బాధ వేరే చెప్పాలా!) ఆపైన తండ్రి వద్దనే వైద్యం నేర్చి పేరు తెచ్చుకున్నారు. బీజింగ్ ఆస్థాన వైద్యశాలలో కొలువు దొరికినా, కొద్దికాలానికే వదులుకుని ఇంటికి వచ్చేశారు.

పాత ఔషధ గ్రంథాలలో ఒకే మొక్క రెండు పేర్లతోను, రెండు మొక్కలు ఒకే పేరుతోను నమోదై ఉండేవి. మన రిజిస్టరులో అటువంటి తప్పు పడితే బిల్లు ఆగుతుంది, వైద్యంలో పడితే ప్రాణం పోతుంది. ఆ పద్దు సరిచేయడానికి ఆయన 1552లో కూర్చున్నారు. 800కు పైగా పుస్తకాలు తిరగవేశారు. కొండలు, అడవులు తిరిగి రైతులను, జాలరులను, వేటగాళ్లను అడిగి తెలుసుకున్నారు. మూడుసార్లు తిరగరాసి 1578లో ముగించారు. 52 భాగాలు, 1,892 పదార్థాలు, 11,000కు పైగా మందుల యోగాలు! ధాన్యాలు, కూరలు, పండ్లు కూడా ఔషధాల సరసనే చేర్చారు. అప్పటికి చైనాకు కొత్తగా వచ్చిన మొక్కజొన్న సైతం అందులో ఉంది.

జియాజింగ్ చక్రవర్తి చావు లేని మందు కోసం రసవాదులను చేరదీసిన కాలమది. పాదరసం తింటే ఆయుస్సు పెరుగుతుందన్న మాటను లీ గారు గ్రంథంలోనే ఖండించారు. అలాగని ఆయన రాసిందంతా నేటి పరీక్షకు నిలవదు. పుస్తకంలో ఉంది గదా అని డాక్టరును అడగకుండా మింగవద్దని తోటివారికి నా మనవి.

ఇంత చేసినా అచ్చువేసే నాథుడు దొరకలేదు. 1580లో ప్రసిద్ధ రచయిత వాంగ్ షీజెన్‌ను పీఠిక అడిగితే, అది 1590కి గాని చేతికి రాలేదు. ఫైలు పదేళ్లు ఒకే బల్ల మీద ఉన్నట్టే! చివరకు నాన్‌జింగ్‌లో ఒక ప్రచురణకర్త పూనుకున్నాడు. 1593లో, ఇంచుమించు మన వయసులోనే, లీ గారు కన్నుమూశారు. అచ్చు పూర్తయినది 1596లో. ఆ ఏడే కొడుకు ఆస్థానానికి ప్రతి సమర్పిస్తే, చూశామని రాసి పక్కన పెట్టారు. ఆ నాన్‌జింగ్ ప్రతినే 2011లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.