పంటిలో గొట్టాలు చూసిన బట్టల వ్యాపారి

ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్ అనగానే నీటిచుక్కలో ఈదే సూక్ష్మజీవులే గుర్తొస్తాయి. మనిషి నోటిలో ఆయన చేసిన పరిశీలన అంతకు తక్కువదేమీ కాదు. అయినా అందులో ముఖ్యమైన భాగాన్ని లోకం నూటయాభై ఏళ్లకు పైగా మరిచిపోయింది. అందుకు కొంత బాధ్యత ఆయనదే.

1632లో హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో బుట్టలల్లే వాడి ఇంట పుట్టాడు. పదహారేళ్లకు ఆమ్‌స్టర్‌డామ్‌లో బట్టల కొట్టులో పనికి కుదిరాడు. తిరిగొచ్చి సొంత దుకాణం పెట్టాడు, తర్వాత నగర పాలనలో చిన్న కొలువు సంపాదించాడు. విశ్వవిద్యాలయం గడప తొక్కలేదు. పండితుల భాష లాటిన్ రాదు, వచ్చింది డచ్ ఒక్కటే. బట్టలో పోగులు లెక్కపెట్టడానికి వర్తకులు వాడే భూతద్దం నుంచే ఆయనకు కటకాల పిచ్చి పట్టిందంటారు. ఆయన సూక్ష్మదర్శిని అరచేతిలో ఇమిడిపోయేది. రెండు లోహపు రేకుల మధ్య బిగించిన ఒకే ఒక్క చిన్న కటకం, అంతే. నేటికీ మిగిలిన వాటిలో ఒకటి వస్తువును దాదాపు 270 రెట్లు పెంచి చూపుతుంది.

1673 నుంచి లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. 1678లో అచ్చయిన ఒక ఉత్తరంలో పంటి సంగతి ఉంది. పైకి రాయిలా కనిపించే పన్ను నిజానికి సన్నని పారదర్శకమైన గొట్టాల కట్ట అని అందులో తేల్చాడు. అవి పంటి నడుమ బోలు నుంచి బయలుదేరి అంచుల దాకా పోతాయి. ఆరేడు వందల గొట్టాలు కలిపితే గడ్డంలోని ఒక వెంట్రుక మందం కూడా మించవని లెక్కగట్టాడు. ఆవు పంటిలో కాస్త పెద్దవి, చేప పంటిలో కాస్త చిన్నవి. ఈనాటి కొలతల పక్కన పెట్టినా ఆ లెక్క మరీ తప్పేం కాదు. పైనున్న ఎనామెల్ కింద, డెంటిన్ అనే పొరలో ఉండే గొట్టాలివి. ఎనామెల్ అరిగినచోట చన్నీళ్లు తగిలితే పన్ను జివ్వుమనేది వీటిలోని ద్రవం కదలడం వల్లేనని నేటి శాస్త్రం చెబుతోంది.

1683లో సొంత పళ్ల మీది పాచి వంతు వచ్చింది. రోజూ ఉప్పుతో రుద్ది, పుల్లతో కుట్టి, గుడ్డతో తుడుచుకునే మనిషి. అయినా సందుల్లో పిండిముద్దలాంటి తెల్లని పాచి మిగిలేది. దాన్ని వాననీటిలో కలిపి చూస్తే లోపల ప్రాణులు గిరగిరా తిరుగుతున్నాయి. జన్మలో పళ్లు తోమని ఒక ముసలాయన పాచినీ అడిగి తీసుకుని చూశాడు. 1692లో మళ్లీ చూస్తే ముందు పళ్ల మీద బతికున్నవి కనబడలేదు. పొద్దున్నే వేడివేడిగా తాగే కాఫీయే వాటిని చంపిందని ఊహించి, వెనక దవడ పళ్ల సందుల్లో వెతికితే దొరికాయి.

పుచ్చుపళ్లను పురుగు తింటుందని, పొగ పెడితే రాలిపడుతుందని అప్పట్లో యూరప్‌లోనూ నమ్మేవారు. మన పల్లెల్లో వాకుడు గింజల పొగ పట్టడం లాంటిదే. అలా రాలిందన్న పురుగులు ఆయన చేతికొచ్చాయి. పరీక్షించి, అవి జున్నులో పుట్టే పురుగులేనని 1700లో రాశాడు.

గొట్టాలూ చూశాడు, క్రిములూ చూశాడు. ఆ క్రిములు పుట్టించే ఆమ్లమే పంటిని తొలుస్తుందని, ఆ గొట్టాల దారినే అవి లోపలికి చొరబడతాయని తెలియడానికి మాత్రం 19వ శతాబ్దం చివరిదాకా ఆగాల్సి వచ్చింది.

తన మేలైన కటకాలు ఎలా చేసేవాడో, ఎలా చూసేవాడో ఎవరికీ చెప్పలేదు. కుర్రాళ్లకు నేర్పమని జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ సలహా ఇస్తే ఒప్పుకోలేదు. మాట నమ్మని వాళ్లకు ఊరి పెద్దల సాక్ష్యపత్రాలు పంపాడే తప్ప పనితనం పంచుకోలేదు. దాంతో పంటి గొట్టాలను 1830లలో పుర్కిన్యె శిష్యులు, స్వీడన్‌లో రెట్జియస్ మళ్లీ మొదటి నుంచి కనుక్కోవాల్సి వచ్చింది.

1723లో, తొంభై ఏళ్ల వయసులో చనిపోయాడు. రాయల్ సొసైటీకి ఇవ్వమని ముందే పక్కన పెట్టిన 26 వెండి సూక్ష్మదర్శినులను కూతురు మరియా లండన్‌కు పంపింది. తర్వాతి శతాబ్దంలో అవి మాయమయ్యాయి.